గంప కింద పిండి

ముందు మీరు చెప్పండి. గంప ఎత్తినప్పుడు మీరేం చూశారు?

మొహం తిప్పుకోకండి. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పోయే ఉంటారు. ప్రాణం పోయిన చోట నేల తుడిచి, బియ్యప్పిండి జల్లెడ పట్టి పలచగా పరిచి, పక్కన దీపం పెట్టి, పైన గంప బోర్లించే ఉంటారు. తెల్లారి గంప ఎత్తి, అందరూ వంగి, పిండిలో ఏం అడుగు పడిందో చూసే ఉంటారు. పోయిన మనిషి ఏ రూపంలోకి పోయాడో ఆ అడుగు చెబుతుందని మనకు నమ్మకం. ఒకరు పిల్లి అంటారు. ఒకరు పిట్ట అంటారు. ఎవరో పెద్దాయన, పాము పాకిన గీత అంటాడు. మిగిలినవాళ్లంతా అవునవునంటారు. నాకేమీ కనబడలేదని ఒక్కరూ అనరు. నాకు కనబడింది వేరే అని అసలే అనరు.

నేను ఆ వేరే సంగతి చెప్పడానికే కూర్చున్నాను. వినే ఓపిక లేనివాళ్లు ఇప్పుడే లేచిపోవచ్చు.

నా పేరు కిష్టవ్వ. మెదక్‌లో రాందాస్ చౌరస్తా వెనక సందులో మోటర్లు చుట్టే దుకాణం నాది. నా మొగుడు ఎల్లం బోరు మోటరు బాగుచేస్తూ కరెంటు తగిలి పోయాడు. పిల్లను చంకలో వేసుకుని ఆ దుకాణం తాళం తీశాను. ఆడది రాగితీగ చుడుతుందా అని నవ్వారు. నవ్వినవాళ్ల మోటర్లే తర్వాత నా బల్ల కిందికి వచ్చి పడ్డాయి. అంతకుముందు హవేలిఘనపూర్ మడుల్లో నాట్లు వేశాను, కలుపు తీశాను, తిట్లు తిన్నాను. ఆకలిని చూసినదాన్ని. దెయ్యం అంటే నాకు నవ్వు వచ్చేది. కడుపు నిండినవాళ్ల భయం అది అనుకునేదాన్ని.

ఆ రోజు ముసురు. మధ్యాహ్నమే కానీ సందంతా చీకటి. రేకుల మీద వాన ఆగకుండా సన్నగా కొడుతోంది. లోపల ఒక్క బల్బు. కరెంటు వస్తూ పోతూ ఉంది, ఆ బల్బు ఎర్రబడుతూ తెల్లబడుతూ ఉంది. తడిసిన గోడల వాసన, వార్నిష్ వాసన, రాగి వాసన. నాకు ఆ వాసనల్లోనే తిండి, నిద్ర.

ఆటో ఆగింది. వర్షిత దిగింది. ఖిల్లా వైపు రఘుపతి పటేల్ ఇంటి కోడలు. రైస్ మిల్లు వాళ్లు. అప్పటికి రఘుపతి పటేల్ పోయి రెండు రోజులే. ఆమె చేతుల్లో పాత దుప్పటిలో చుట్టిన మూట ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. వెనకాలే ఆమె కూతురు ఇషిత. ఒకటో తరగతి పిల్ల. చెప్పులు గడప బయట విడిచి తడి కాళ్లతో లోపలికి వచ్చింది.

వర్షిత మూట బల్ల మీద పెట్టి దుప్పటి తీసింది. వాక్యూమ్ క్లీనర్. ఇళ్లు ఊడ్చే మిషన్.

"అవ్వా, ఇది జర చూస్తవా? గుంజుతలేదు. మాడిన వాసనొస్తుంది."

"వాసనొచ్చినంక గూడ నడిపించినవా?"

"కొంచెమే నడిపించిన."

"ఆ కొంచెం అనేటోళ్లే నాకు బువ్వ పెడ్తుండ్రు బిడ్డా. పెట్టు. పిల్లకు తల తుడువు, జలుబు చేస్తది."

ఆమె నవ్వలేదు. పిల్ల తల తుడవలేదు. గడప దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది.

ఇషిత మాత్రం ఊరుకునే పిల్ల కాదు. దుకాణమంతా తిరిగింది. తెగిన రాగితీగ ముక్కలు ఏరుకుంది. "అవ్వా, ఇది బంగారమా?" అంది.

"బంగారమైతే నేనీడ ఎందుకుంటనే? నీ పెండ్లికి వడ్డాణం చేపిస్తుంటి," అన్నాను.

అప్పుడే నేల చూశాను. సిమెంటు నేల మీద గడప నుంచి బల్ల దాకా తడి అడుగులు. చిన్న చిన్నవి. కుడి కాలు. మళ్లీ కుడి కాలు. మళ్లీ కుడి కాలే.

"ఏం పిల్లా, కుంటుకుంట ఆడుతున్నవా?"

"లే అవ్వా. మంచిగనే నడుస్తున్న. చూడు."

నడిచి చూపించింది. రెండు కాళ్లూ నేలకు ఆనించి, నిండుగా, చక్కగా నడిచింది. నేను కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. కుడి కాలు ఎత్తిన చోట తడి మిగిలింది. ఎడమ కాలు ఎత్తిన చోట నేల పొడిగా ఉంది.

ముసలి కళ్లు, పాడు వెలుతురు అనుకున్నాను. మిషన్ వైపు తిరిగాను. అర్థం కానిది కనబడితే అర్థమయ్యే పని చేతిలోకి తీసుకోవడం నా అలవాటు.

గుంజని మిషన్ ఏం చెబుతుందో నాకు తెలుసు. దానికి ఉన్నది ఒకటే దారి. నోటితో గాలి పీల్చి, పైపులోంచి డబ్బాలోకి తీసుకుని, ఫిల్టరు గుండా వెనక నుంచి వదలాలి. దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం పడుతుంది. ఆ అడ్డం వెతకడమే పని.

మొదట డబ్బా తీశాను. ఖాళీ. దుమ్ము రవ్వ కూడా లేదు. కడిగి ఆరబెట్టినట్టు ఉంది.

"ఖాళీ చేసి తెచ్చినవా?"

"ముట్టనే లేదవ్వా."

తర్వాత పైపు. ఒక కొన నుంచి బల్బు వైపు పెట్టి చూశాను. అవతలి కొన గుండ్రంగా, వెలుతురుగా కనబడింది. అడ్డం లేదు. అయినా పాత బేరింగులోని ఇనుప గుండు ఒకటి తీసి పైకొనలో వేశాను. అది అలా దొర్లి కిందికొన నుంచి పడిపోవాలి. గరగరమని దొర్లింది... మధ్యలో చప్పుడు ఆగిపోయింది. పైపు ఊపాను. విదిలించాను. పడలేదు. మళ్లీ బల్బుకు పెట్టి చూశాను. దారి ఖాళీగానే ఉంది.

పైపును బల్ల మీద పెట్టి ఫిల్టరు విప్పుతున్నాను. టక్కున చప్పుడు. గుండు బయటికి వచ్చి బల్ల మీద దొర్లింది. నేను వేసిన కొన నుంచే. పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అరచేతిలో చాలాసేపు పట్టుకున్న వస్తువులా వెచ్చగా.

గుండును పక్కన పెట్టాను. వర్షిత అది చూసింది.

ఫిల్టరు చేతిలోకి రాగానే నా కోపం నాకు తిరిగి వచ్చింది. సున్నం పూసినట్టు తెల్లగా బిగుసుకుపోయి ఉంది.

"పిండి గుంజించినవా? ఏం మనిషివమ్మా నువ్వు! పిండి ఫిల్టరుల సన్నటి బొక్కలన్ని మూసేస్తది. గాలాడక మోటరు ఉడుకుతది. గందుకే గుంజుతలేదు, గందుకే వాసన. సాలు, దొరికింది రోగం."

అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఫిల్టరు దులిపి, ఆరబెట్టి, బిగించి ఇచ్చేసేదాన్ని. కానీ నా వేళ్లు ఊరుకోలేదు. చిటికెడు పిండి తీసి నలిపాను. బియ్యప్పిండి. గరుకు లేదు, నూక లేదు. సన్నని జల్లెడలో పట్టిన పొడి పిండి. రొట్టెకు పట్టే పిండి కాదు, అప్పాలకు పట్టే పిండి కాదు. నేల మీద పరచడానికి పట్టిన పిండి.

తలెత్తి వర్షిత మొహం చూశాను. ఆమె కళ్లు నేల మీద ఉన్నాయి.

"గంప కిందిదా?" అన్నాను మెల్లగా.

తలూపింది. కూతురు వినకుండా దగ్గరికి వచ్చింది. గుసగుసగా చెప్పింది. మాట మాటకూ గడప వైపు చూసింది.

"పొద్దున అందరు బూడిద ఎత్తనీకి పోయిండ్రు. ఇల్లు సాపు చేసిపెట్టుమన్నరు. గంప ముట్టకని అత్తమ్మ మరీ మరీ చెప్పింది. నేను ముట్టిన."

"ఏం కనవడ్డది?"

ఆమె కూతురి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా. చూసినోళ్లు చెప్పాలె."

"ఇషిత కాలు."

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

"ఎడమ కాలు. దానికి చిటికెన వేలు, పక్క వేలు పుట్టుకతోనే కలిసి ఉంటయి. పిండిల గూడ గట్లనే ఉండె అవ్వా. కలిసే ఉండె."

"పిల్ల తొక్కి ఉంటది. పిల్లలు కాళ్లు ఆగుతయా?"

"రాత్రంత నా చెయ్యి మీదనే పన్నది. పిల్లి రాకుండ గంప మీద రోలు పెట్టిండ్రు. నేను జరపనీకే పాణం పోయింది. అది జరుపుతదా?"

ఆమె ఇంకా చెప్పింది. రఘుపతి పటేల్ పోయేటప్పుడు మంచం పక్కన నిలబడిన మనవరాలి కాలు పట్టుకున్నాడట. ఎడమ కాలు. "నేనొక్కన్ని పోను" అన్నాడట. అవే ఆఖరి మాటలు. చుట్టూ ఉన్నవాళ్లు మనవరాలంటే ఎంత ప్రాణమో అని ఏడ్చారట. ఊపిరి ఆగిపోయాక కూడా పట్టు వదలలేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పి పిల్లను బయటికి లాగారట.

"అత్తమ్మ గిది చూస్తే సంబురపడుతుండె. తాత పిల్ల ఒంట్లకే వస్తుండని ఊరంత చెప్తుండె. నాకు భయమైంది. మిషన్ పెట్టి మొత్తం గుంజేసిన. కొత్త పిండి జల్లి, మూడు వేళ్లతోటి పిట్ట అడుగు గీసి, మళ్ల గంప పెట్టిన. అందరు వచ్చిండ్రు. చూసిండ్రు. పిట్ట, పిట్ట అన్నరు."

"మరి మంచిదే గదా!"

"గుంజుతుంటెనే మాడిన వాసనొచ్చింది. మిషన్ నీరసపడ్డది. పక్క అర్రల ఆడుకుంటున్న పిల్ల ఉరికొచ్చింది. అమ్మా, ఎడమ కాలు సల్లగైంది అన్నది. కడిగి బయటికి తీస్కొస్తే..."

నేల వైపు చూపించింది. చూపించాల్సిన పని లేదు.

"దవాఖానకు పోయిన. అంత మంచిగనే ఉన్నదన్నరు. కానీ పొద్దున మడిమ కాడ ఉన్న సలి ఇప్పుడు మోకాలు దాటింది. అవ్వా, ఇంగ పైకి ఎక్కుతుంది. సాయంత్రం పిండిని పసుపులేరుల కలుపుతరు. అసలు పిండి దీంట్లనే ఉన్నది. ఇది ఏట్ల కలవనిదే ఆయన పోడు. మొత్తం తీసియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు మొక్కుడు ఆపు. పిల్లను ఇటు పిలువు."

ఇషితను దగ్గరికి తీసుకుని కాలు పట్టుకున్నాను. కుడి కాలు వెచ్చగా ఉంది. ఎడమ కాలు ముసురులో బయట పడేసిన ఇనుపముక్కలా ఉంది. తొడ సగం దాకా. అక్కడి నుంచి పైకి మామూలు ఒళ్లు. గీత గీసినట్టు ఉంది తేడా.

"నొస్తుందా?"

"లే. అక్కడ కాలే లేనట్టున్నది," అంది పిల్ల. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే నా గుండెను పిండింది.

పేపరు పరిచి ఫిల్టరు దులిపాను. గుప్పెడు పిండి రాలింది. ఇంకా దులిపాను. ఇంకేమీ రాలేదు.

"ఇంతేనా?"

"దోసెడు పైన ఉండె అవ్వా."

మిగతాది ఎక్కడుంది? మోటరు మూత విప్పాను. మోటరుకు కరెంటు అందించే బొగ్గుముక్కలు అరగలేదు. తీగ మీద వార్నిష్ నిగనిగలాడుతోంది. ఎక్కడా నలుపు లేదు. మాడిన మోటరు కాదది. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. నా ముక్కే నాకు మీటరు. తీగ మాడితే ఘాటుగా, కొంచెం తియ్యగా ఉంటుంది. బెల్టు మాడితే రబ్బరు కంపు. ఇది రెండూ కాదు. నేనెరిగిన వాసనే. కానీ దుకాణంలో ఎరిగిన వాసన కాదు. పసుపులేరు ఒడ్డున ఎల్లంను పడుకోబెట్టి నిప్పు పెట్టినప్పుడు మొదట వచ్చిన వాసన. కట్టెలు అంటుకోకముందు... వెంట్రుకలు అంటుకున్నప్పటి వాసన.

మిషన్ నోటి దగ్గర, నేలను రుద్దే కుంచె రోలరు ఉంటుంది. తిరగేసి చూశాను. రోలరు కుచ్చులు కనబడలేదు. చుట్టూ తెల్ల వెంట్రుకలు. బొటనవేలంత మందాన, బిగించి, పోగు పక్కన పోగుగా. రాగితీగ నేనంత నీటుగా చుడతాను. మిషన్‌లో చిక్కుకున్న జుట్టు ఎన్నడూ అలా చుట్టుకోదు.

"ఎవరివి?" అన్నాను.

"మామయ్యవి. మంచంల పడ్డకాంచి మంగలిని దగ్గరికి రానియ్యలే. భుజాల దాక పెరిగినయి." ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "కానీ అవ్వా, ఈ మిషన్ ఆయన అర్రల ఎన్నడు పెట్టలే. చప్పుడు పడదని తిడుతుండె. ఇయ్యాల్నే మొదలు."

బ్లేడు తీసుకున్నాను.

మొదటి పోగు తెగింది. సన్నని చప్పుడు. మిగతా వెంట్రుకలు వదులు కావాలి కదా? బిగిశాయి. నా కళ్ల ముందు బిగిశాయి.

కరెంటు పోయింది.

ఇంకో మాట చెప్పాలి, వినండి. ఆ మిషన్ ప్లగ్గు నేను పెట్టనే లేదు. దాని తీగ చుట్ట చుట్టి బల్ల మీదే ఉంది. ఫిల్టరు నా ఎడమ పక్కన, డబ్బా నా కుడి పక్కన, మోటరు మూత నా ఒళ్లో.

చీకట్లో పేపరు అంచు కదిలింది. గాలి అనుకున్నాను. కానీ తలుపు వైపు నుంచి కాదు గాలి. పేపరు పైపు వైపు లేస్తోంది. ఆగింది. పడింది. మళ్లీ లేచింది.

పైపు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి చర్మం మెల్లగా లోపలికి గుంజింది... వదిలింది. వెచ్చని ఊపిరి తగిలింది. మళ్లీ గుంజింది. ఈసారి గట్టిగా.

రాగితీగ ముక్కలు నేల మీద గలగలా జరిగాయి.

"అమ్మా..."

ఇషిత గొంతు. గడపలోంచి వచ్చే మసక వెలుతురులో కనబడింది. పిల్ల కదలలేదు. కాలు కదిలింది. ఎడమ కాలు ఒక్కటే ముందుకు జరిగింది. ఒళ్లంతా వెనక్కి వాలి ఉంది, ఆ కాలు మాత్రం బల్ల వైపు సాగి ఉంది. చీలమండను ఎవరో పట్టుకున్నట్టు.

"అమ్మా, నడుములకు వచ్చింది సలి..."

వర్షిత పిల్లను వెనక నుంచి రెండు చేతులా కరుచుకుంది. అరవలేదు. పళ్లు కొరుక్కుంది. ఇద్దరూ కలిసి నేల మీద బెత్తెడు ముందుకు జరిగారు.

నేను వెంట్రుకలు కోస్తున్నాను. బ్లేడు జారుతోంది. ఒక పోగు నా చూపుడు వేలికి చుట్టుకుంది. రోలరు సగం తిరిగింది. వేలు లోపలికి పోయింది. మాడిన వాసన గొంతులోకి దిగింది.

నాకు భయం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ నా భయం ఎక్కువసేపు భయంగా ఉండదు. కోపమైపోతుంది. నన్ను బతికించింది అదే.

"పటేలా!" అన్నాను.

గాలి ఆగింది.

"రఘుపతి పటేలా, నేను కిష్టవ్వను. నీ మళ్లల్ల వంగి వంగి నడుము ఇరగ్గొట్టుకున్నదాన్ని. గట్టు మీద గొడుగేస్కొని నిలవడి నువ్వు తిడుతుంటె ఒక్క మాట అనకపోతి. ఇయ్యాల అంటున్న, విను. ఇడువు. పోరి కాలు ఇడువు!"

వేలి చుట్టూ పోగు ఇంకా బిగిసింది. రక్తం కారింది.

"ఒక్కన్ని పోనంటవా? నా ఎల్లం ఒక్కడే పోయిండు. వాని చెయ్యి పట్టనీకి గూడ ఎవ్వరు లేకుండిరి. నీకు మంచం చుట్టు మంది. నువ్వేమన్న ఎక్కువనా? నీ కాళ్ల మీద నువ్వే పోవాలె. లే! పో!"

ఆ మాటతో బ్లేడు అడ్డంగా వేసి నా బలమంతా పెట్టి లాగాను. కట్టంతా ఒక్కసారి తెగింది.

ఒక క్షణం ఏమీ లేదు. వాన కూడా వినబడలేదు.

తర్వాత మిషన్ ఊపిరి వదిలింది.

మాటవరసకు అలా అనడం లేదు. అది నిజంగానే ఊపిరి వదిలింది. పొడుగ్గా, లోపలి నుంచి, మంచం పట్టిన మనిషి ఆఖరున వదిలినట్టు. పైపు నోట్లోంచి, మోటరు సందుల్లోంచి పిండి తెల్లగా ఎగసింది. కప్పు దాకా లేచింది. దుకాణమంతా నిండింది. నా కళ్లు, నోరు, చెవులు పిండి. మెల్లగా, చప్పుడు లేకుండా, చాలాసేపు కిందికి దిగింది.

ఇషిత తుమ్మింది. మళ్లీ తుమ్మింది.

"అమ్మా, కాలు జివ్వుమంటుంది. చీమలు పాకినట్టున్నది," అంది. తల్లి చేతుల్లోంచి జారి ఒక అడుగు వేసింది.

నేల మీద పిండిలో ఎడమ అడుగు పడింది. చిన్నది. చిటికెన వేలు, పక్క వేలు కలిసి ఉన్నాయి.

వర్షిత అప్పుడు ఏడ్చింది. కూలబడి, ఆ కాలును చెంపకు ఆనించుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను తడిమి చూశాను. వెచ్చగా ఉంది. మాడిన వాసన లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ఆమె ఫోన్ మోగింది. అత్తగారు వజ్రమ్మ. గొంతు నా దాకా వినబడింది.

"ఏడున్నవే? కార్లు తయారున్నయి. అందరు నీ కోసమే ఆగిండ్రు. పొద్దు గూకినంక ఏట్ల దిగొద్దు, తెల్వదా?"

"వస్తున్న అత్తమ్మా. పిల్లకు దవాఖానల ఆలస్యమైంది."

"మంచిగున్నదా పిల్ల?"

"మంచిగున్నది అత్తమ్మా," అంది.

ఇద్దరం కుంచె పట్టుకుని బల్ల మీది పిండి, పేపరు మీది పిండి, నేల మీది పిండి పోగు చేశాం. పిల్ల అడుగు పడిన చోటు మాత్రం ముట్టనివ్వలేదు నేను. "గది ఏట్ల కలవొద్దు. గది బతికున్న పిల్లది," అని నా చేత్తో చెరిపి, ఆ పిండిని నా కొంగుకే తుడుచుకున్నాను. మిగిలింది ఒక కవర్లో పోసి ఇచ్చాను. ఇంటి దగ్గర ఉన్న పిండిలో కలిపేస్తానంది. మిషన్ వద్దంది. పాత సామాన్ల బండికి వేసేయమంది. పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది. తాత పేరు ఇద్దరం పలకలేదు.

వాళ్లు పోయాక కరెంటు వచ్చింది.

దుకాణం చూసి నవ్వు వచ్చింది ముందు. నేల మీదది ఎత్తాం కానీ, మిగతా అంతా తెల్లగానే ఉంది. ఫ్యాను రెక్కలు, గోడకు వేలాడే తీగచుట్టలు, ఎల్లం ఫోటో, నా చెప్పులు. చీపురు పట్టుకుని మూల నుంచి మొదలుపెట్టాను. గోడ పక్కనున్న చెక్క బెంచీ దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

గిరాకీలు కూర్చునే బెంచీ అది. దాని మీద కూడా పిండి పడింది. మధ్యలో తప్ప. మధ్యలో చెక్క నున్నగా, నల్లగా ఉంది. మనిషి కూర్చుంటే ఎంత చోటు పడుతుందో అంత. వెనక గోడ మీద వీపు వెడల్పున పిండి లేదు. దాని పైన తలంత గుండ్రంగా పిండి లేదు. చుట్టూ అంతా తెలుపే.

పిండి దిగుతున్నంతసేపూ అక్కడెవరో కూర్చునే ఉన్నారు. కదలకుండా కూర్చునే ఉన్నారు. వర్షిత నిలబడే ఉంది. పిల్ల తల్లి చేతుల్లో ఉంది. నేను బల్ల వెనక ఉన్నాను.

నేను అరిచింది మిషన్ వైపు తిరిగి. ఆయన మిషన్‌లో లేడు.

బెంచీ కింద నేల మేము ఊడ్చేశాం. అక్కడేముండేదో ఎవరికి తెలుసు? లేచి ఎటు పోయాడో, ఎవరి వెంట పోయాడో ఎవరికి తెలుసు? తడిగుడ్డ పెట్టి బెంచీ, గోడ కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. పిల్ల కాలు వెచ్చగా ఉంది, అది చాలనుకున్నాను.

ఇందాక వర్షిత ఫోన్ చేసింది. గొంతులో సంతోషం. పిల్ల బడికి పోతోంది, ఉరుకుతోంది, ఆడుతోంది. నేల మీద రెండు అడుగులూ పడుతున్నాయి. పిండి, బూడిద అన్నీ ఏట్లో కలిసిపోయాయి. ఇంట్లో అంతా మంచిగా ఉంది.

"ఒక్కటే అవ్వా, నవ్వొస్తది చెప్తే," అంది. "ఇషిత ఈ మధ్య సోఫాల మధ్యల కూసుంటలేదు. అంచుకు జరిగి కూసుంటుంది. మంచం మీద గూడ అంచుకే పంటుంది. బడి ఆటోల పక్క పిల్లలను జరగండ్రి, జరగండ్రి అంటదంట. ఖాళీగున్నది గదనే, మంచిగ కూసోవే అంటే నా మొహం చూస్తది. ఏమనది. కొత్త ఆట గావొచ్చు. ఎందుకవ్వా గట్ల చేస్తుంది?"

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించాను. అవతల పిల్ల నవ్వు వినబడుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది.

"అవ్వా? ఉన్నవా?" అంది తల్లి.

లైన్ కట్ చేశాను. మళ్లీ చేస్తుంది, తెలుసు. ఇప్పుడు మోగుతోంది.

ఎత్తి ఆ తల్లికి ఏమని చెప్పాలి?